పాత వాహనాల్లో మీటర్ల మార్పిడి

వాహనంతో పాటు కంపెనీ బిగించి ఇచ్చిన మీటర్లను తీసేసి వాటి చోట బయటి మీటర్లు అమర్చడాన్ని, లేదా ఉన్నవాటికి తోడుగా కొత్తవి చేర్చడాన్ని మీటర్ల మార్పిడి అంటారు. వేగం, నడిచిన దూరం, ఇంజను వేడి, ఆయిల్ ఒత్తిడి, ట్యాంకులో ఇంధనం, బ్యాటరీ ఛార్జింగ్ గురించి డ్రైవరుకు చెప్పేవి ఈ మీటర్లే. కార్బురేటరు కార్లు, పాత డీజిల్ జీపులు, ట్రాక్టర్లలో ఈ పని ఎక్కువగా జరుగుతుంది. కొత్త కార్లలో మీటర్ బోర్డు కంప్యూటరుతోనూ తాళం భద్రతతోనూ ముడిపడి ఉంటుంది. దాన్ని ఇలా విడదీసి మార్చడం కుదరదు.

మీటరంటే అద్దం వెనక కదిలే ముల్లు ఒక్కటే కాదు. ఇంజనులోనో ట్యాంకులోనో కూర్చుని కొలిచే సెండరు, కబురు మోసే తీగ లేదా కేబులు, కనిపించే ముల్లు కలిస్తేనే అది మీటరు. ముల్లును మార్చి సెండరును మరిచిపోవడం వల్లే ఈ పనిలో ఎక్కువ చిక్కులు వస్తాయి. తప్పు చూపే మీటరు అసలు మీటరు లేకపోవడం కన్నా ప్రమాదకరం. మీటరు లేదని తెలిసిన డ్రైవరు జాగ్రత్తగా ఉంటాడు, తప్పుడు ముల్లును నమ్మినవాడు ధీమాగా ఉంటాడు.

బూర్గంపాడు ప్రాంతం, అక్కడి బండ్లు

ఇలాంటి పాత బండ్ల మీద ఆధారపడిన ప్రాంతాల్లో బూర్గంపాడు ఒకటి. భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోని ఈ ఊరు గోదావరి దక్షిణపు ఒడ్డున, కిన్నెరసాని గోదావరిలో కలిసే చోటుకు దగ్గర్లో ఉంది. విజయవాడ నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా వచ్చే 30వ నంబరు జాతీయ రహదారి బూర్గంపాడు మండలంలోని సారపాక దగ్గర గోదావరి వంతెన ఎక్కుతుంది. 1965లో ప్రారంభమైన ఆ వంతెన దాటి భద్రాచలం, చింతూరు, కుంట మీదుగా జగదల్‌పూర్ వైపు సాగుతుంది. సారపాకలో కాగితపు మిల్లు, ఎగువన మణుగూరు బొగ్గు గనులు, ఇటు పాల్వంచ విద్యుత్ కేంద్రం ఉండటంతో ఈ దారుల్లో బరువు మోసే బండ్లకు విరామం ఉండదు.

ఏజెన్సీ ఊళ్లకు బస్సు వెళ్లని చోట ఏళ్ల తరబడి జీపే దిక్కు. సంతకు సరుకు, ఆసుపత్రికి రోగి, పెళ్లికి చుట్టాలు అందరూ అందులోనే వెళ్లేవారు. ఇంజను బాగున్నంత కాలం అలాంటి బండిని ఎవరూ వదులుకోరు. పది చేతులు మారాక ఇంజను, గేరుబాక్సు రిపేరై నడుస్తూనే ఉంటాయి, మీటర్ బోర్డులో మాత్రం ఒక్కో ముల్లూ పడుకుంటుంది. మే నెలలో 45 డిగ్రీల దరిదాపుల్లో ఎండ, నిండా జనం, మెట్ట దారిలో రెండో గేరు అన్నీ కలిసినప్పుడు హీట్ మీటరు పనిచేయకపోతే ఆ నష్టం హెడ్ గాస్కెట్ కాలిపోయాకే బయటపడుతుంది. చింతూరు నుంచి మారేడుమిల్లి ఘాట్ ఎక్కే బండికి ఈ ముప్పు ఇంకా ఎక్కువ. వేగం తక్కువ కాబట్టి రేడియేటరుకు ఎదురుగాలి తగలదు, ఇంజను మాత్రం పూర్తి బలంతో పనిచేస్తూ ఉంటుంది.

చరిత్ర

ఆయిల్ ఒత్తిడి మీటరుకు మూలమైన వంపు గొట్టాన్ని ఫ్రెంచి ఇంజనీరు యూజీన్ బూర్దాన్ 1849లో పేటెంట్ చేశాడు. లోపల ఒత్తిడి పెరిగితే వంగిన గొట్టం నిటారు కావడానికి చూస్తుంది, ఆ కదలికే ముల్లును తిప్పుతుంది. అయస్కాంతం తిరిగితే పక్కనున్న లోహపు గిన్నె దానితో పాటు లాగబడుతుందన్న సూత్రంపై జర్మనీకి చెందిన ఒట్టో షుల్ట్సే 1902లో స్పీడోమీటరుకు పేటెంట్ పొందాడు. తర్వాత దాదాపు ఎనభై ఏళ్ల పాటు కార్లలో ఈ పద్ధతే నడిచింది. అమెరికాలో స్టూవర్ట్ వార్నర్, ఇంగ్లండులో స్మిత్స్, జర్మనీలో వీడీవో ఈ పరికరాలకు పెద్ద పేర్లు.

రెండో ప్రపంచ యుద్ధకాలపు విల్లీస్ జీపులో వేగం, ఇంధనం, ఆయిల్ ఒత్తిడి, అమ్మీటరు, వేడి అని ఐదు మీటర్లు విడివిడిగా ఉండేవి. 1940ల చివర్లో మహీంద్రా సంస్థ బొంబాయిలో విల్లీస్ జీపుల కూర్పు మొదలుపెట్టింది. ఆ వంశంలో వచ్చిన జీపులే దశాబ్దాల పాటు మన అడవి దారులను ఏలాయి. పట్టణాల్లో 1958 నాటి అంబాసిడర్, తర్వాత ప్రీమియర్ పద్మిని, 1983 డిసెంబరు నుంచి మారుతి 800 నడిచాయి. కోయంబత్తూరులో 1970లలో మొదలైన ప్రైకాల్ మన దేశంలో మీటర్ల తయారీకి పేరు పొందింది. అంబాసిడర్, మారుతి 800 రెండూ 2014లో ఆగిపోయాయి. బండి తయారీ ఆగిన కొన్నేళ్లకు దాని అసలు మీటర్లు దొరకడం కష్టమవుతుంది. అప్పటి నుంచి బయటి మీటరు సోకు కాదు, అవసరం.

కంపెనీ మీటర్లు పాడయ్యే తీరు

ముల్లు కదలకపోతే మీటరు పోయిందనుకోవడం తొందరపాటు. ఎక్కువసార్లు లోపం మీటరు బయటే ఉంటుంది. తుప్పు పట్టిన ఎర్త్, వదులైన క్లిప్పు, తెగిన స్పీడో కేబులు, చిల్లుపడి ఇంధనంలో మునిగిన ట్యాంకు ఫ్లోటు తరచుగా కనిపించే కారణాలు. అన్ని ముళ్లూ ఒకేసారి పిచ్చిగా కదిలితే ఎర్త్‌ను అనుమానించాలి. ఇంధనం, వేడి చూపే రెండు మీటర్లు మాత్రమే ఒకేసారి ఎక్కువో తక్కువో చూపితే చాలా పాత బండ్లలో తప్పు వోల్టేజ్ స్టెబిలైజరుది. స్మిత్స్ రకం వేడిరేకు మీటర్లకు బ్యాటరీ 12 వోల్టులు నేరుగా ఇవ్వరు. స్టెబిలైజరు దాన్ని సగటున 10 వోల్టులకు దించి ఇస్తుంది. ఈ చిన్న డబ్బా మార్చితే పోయే దానికి మీటర్ బోర్డంతా పీకేయడం డబ్బు దండగ.

సెండరు నుంచి వచ్చే తీగను ఊడదీసి, స్విచ్ వేసి, ఒక్క క్షణం ఎర్త్‌కు తాకిస్తే మామూలు విద్యుత్ మీటరు ముల్లు ఒక చివరికి పోవాలి. పోతే మీటరు, తీగ రెండూ బాగున్నట్టే, దోషం సెండరుది. ఎక్కువసేపు తాకిస్తే మీటరే కాలుతుంది. మార్పిడికి ముందు ఈ పరీక్ష తప్పక చేయాలి.

మీటర్ల రకాలు

*స్పీడోమీటరు.* గేరుబాక్సు లేదా ట్రాన్స్‌ఫర్ కేసు నుంచి వచ్చే కేబులు మీటరులోని అయస్కాంతాన్ని తిప్పుతుంది. మైలుకో కిలోమీటరుకో కేబులు ఎన్ని చుట్లు తిరగాలన్నది ఒక్కో మీటరుకు ఒక్కోలా ఉంటుంది, ఆ సంఖ్యను చాలా మీటర్ల ముఖంపై చిన్న అక్షరాల్లో ముద్రిస్తారు. మైలుకు 1000 చుట్లు తిరిగే పాత జీపులో కిలోమీటరుకు 1000 చుట్ల మీటరు బిగిస్తే, బండి 60 కి.మీ. వేగంతో పోతున్నా ముల్లు 37 దగ్గరే ఉంటుంది. దూరం లెక్క కూడా అదే దామాషాలో తగ్గుతుంది. తన బండి సంఖ్య తెలియనివారు మీటరు వెనక కేబులు విప్పి, చదును నేల మీద బండిని సరిగ్గా 10 మీటర్లు తోసి, లోపలి తీగ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి 100తో హెచ్చవేస్తే కిలోమీటరుకు చుట్లు వస్తాయి. సగం చుట్టును, పావు చుట్టును కూడా లెక్కలోకి తీసుకోవాలి.

టైర్ల కొలత మారినా వేగం లెక్క మారుతుంది. 29 అంగుళాల టైరు తీసి 31 అంగుళాలది వేస్తే ముల్లు 60 చూపే వేళ అసలు వేగం 64 ఉంటుంది. కేబులు లేకుండా సెన్సరుతో నడిచే మీటర్లలో కిలోమీటరుకు ఎన్ని స్పందనలో బటన్లతో నమోదు చేసుకోవచ్చు. జీపీఎస్ మీటరుకు కేబులు, సెన్సరు రెండూ అక్కర్లేదు. కానీ దానికి ఆకాశం కనబడాలి, స్విచ్ వేశాక ఉపగ్రహాలు అందే వరకు ఆగాలి. దట్టమైన చెట్ల కింద, కొండ మలుపుల్లో అది తడబడవచ్చు.

*హీట్ మీటరు.* పాత రకంలో సన్నని గొట్టం చివర ఆవిరయ్యే ద్రవంతో ఒక బుడ్డి ఉంటుంది. గొట్టం తెగితే మీటరు పనికిరాదు. విద్యుత్ రకంలో వేడి పెరిగే కొద్దీ నిరోధం తగ్గే సెండరు ఉంటుంది. మామూలు నీరు 100 డిగ్రీల దగ్గర మరుగుతుంది. రేడియేటరుకు చదరపు అంగుళానికి 7 పౌండ్ల ఒత్తిడి నిలిపే మూత ఉంటే అది సుమారు 111 డిగ్రీలకు పెరుగుతుంది. అందుకే మూత వాషరు చెడిన బండి 100కే పొంగిపోతుంది. చల్లదనం, వేడి అని రెండు గుర్తులే ఉన్న కంపెనీ మీటరు కన్నా అంకెలున్న మీటరు ఘాట్ దారుల్లో ఎంతో మేలు. 85 దగ్గర ఉండే ముల్లు 95కి చేరగానే డ్రైవరుకు ఆగే వ్యవధి దొరుకుతుంది. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. నీరంతా కారిపోయి సెండరుకు ఉత్త ఆవిరే తగిలితే ముల్లు కిందికి పడొచ్చు. పరుగెత్తి పైకి పోయిన ముల్లు ఉన్నట్టుండి దిగితే ఊరట పడకుండా బండి ఆపాలి.

*ఆయిల్ మీటరు.* యాంత్రిక రకంలో ఇంజను ఆయిలే సన్నని గొట్టంలో మీటరు దాకా వస్తుంది. ఇది నమ్మకమైనది. అయితే గొట్టం పగిలితే వేడి ఆయిలు డ్రైవరు కాళ్ల మీద పడుతుంది. ఇంజను గదిలో ప్లాస్టిక్ గొట్టం వాడకపోవడం, గోడ దాటే చోట రబ్బరు బుష్ వేయడం, ఇంజను అదురును తట్టుకునేలా రాగి గొట్టానికి ఒక చుట్ట వేయడం తప్పనిసరి. ఇంజను వేడెక్కాక ప్రతి 1000 ఆర్‌పీఎంకు సుమారు 10 పౌండ్ల ఒత్తిడి ఉండాలన్నది మెకానిక్కుల మోటు లెక్క. బండి పుస్తకంలోని అంకె దొరికితే దాన్నే పాటించాలి. మీటర్లపై పౌండ్లు, బార్, కిలోలు అని మూడు లెక్కలు కనిపిస్తాయి. 1 బార్ 14.5 పౌండ్లు, చదరపు సెంటీమీటరుకు 1 కిలో 14.2 పౌండ్లు. ఆయిల్ లైటు స్విచ్చిని పీకి ఆ చోట సెండరు పెట్టడం పొరపాటు. టీ జాయింటు వేసి రెండింటినీ ఉంచాలి. మీటరు చూడటం మరిచిన క్షణంలో కంటికి తగిలేది ఆ ఎర్ర లైటే.

*డీజిల్ లేదా పెట్రోల్ మీటరు.* సెండరు, మీటరు జత కుదరకపోతే ఏమవుతుందో ఇక్కడే బాగా తెలుస్తుంది. అమెరికా తరహా బయటి మీటర్లు చాలావరకు ఖాళీకి 240 ఓమ్‌లు, నిండుకు 33 ఓమ్‌ల సెండరు కోసం చేసినవి. వీడీవో తరహాలో ఖాళీకి 10, నిండుకు 180. మొదటి రకం మీటరును రెండో రకం సెండరుకు కలిపితే ట్యాంకు నిండినప్పుడు ముల్లు ఖాళీ వైపు, ఖాళీ అయినప్పుడు నిండు వైపు పోతుంది. కొనేముందు ట్యాంకు సెండరు విప్పి, ఫ్లోటును పైకీ కిందికీ కదుపుతూ మల్టీమీటరుతో కొలిచి రెండు అంకెలు రాసుకోవాలి. ఆ అంకెలకు సరిపడే మీటరు దొరకకపోతే ముల్లుతో పాటు సెండరునూ కొనడమే ఉత్తమం.

*అమ్మీటరు, వోల్టుమీటరు.* పాత జీపుల్లో బ్యాటరీకి పోయే కరెంటంతా అమ్మీటరు గుండానే పోయేది. డైనమో రోజుల్లో అది 20 ఆంపియర్ల చుట్టుపక్కల ఉండేది కాబట్టి సరిపోయింది. డైనమో తీసి 45 లేదా 65 ఆంపియర్ల ఆల్టర్నేటరు వేసుకున్నాక కూడా పాత 30 ఆంపియర్ల అమ్మీటరునే ఉంచితే లావు తీగలు, బోల్టులు వేడెక్కి డ్యాష్‌బోర్డు వెనక మంటలు రేగొచ్చు. ఆల్టర్నేటరు బండికి వోల్టుమీటరే సురక్షితం. ఇంజను ఆగినప్పుడు 12.6, నడిచేటప్పుడు 13.8 నుంచి 14.4 మధ్య చూపితే ఛార్జింగ్ సవ్యంగా ఉన్నట్టు. అమ్మీటరు తీసేసినప్పుడు దానికి వచ్చే రెండు లావు తీగలను గట్టిగా ఒకటిగా కలిపి ఇన్సులేషన్ చేయడం మరవకూడదు.

*ఆర్‌పీఎం మీటరు.* పెట్రోలు బండ్లలో ఇగ్నిషన్ కాయిల్ నెగటివ్ కొన నుంచి సంకేతం తీసుకుంటారు. డీజిల్ ఇంజనులో కాయిల్ ఉండదు. ఆల్టర్నేటరు మీద డబ్ల్యూ అని రాసి ఉన్న కొన నుంచి తీసుకోవాలి, పుల్లీల దామాషాను బట్టి మీటరును సరిచేయాలి. కాయిల్‌కు పెట్టే మీటరు డీజిల్ జీపుకు పనిచేయదు.

బిగింపు

మొదట బ్యాటరీ కొన ఊడదీయాలి. పాత బ్రిటిష్ బండ్లలో కొన్నింటికి పాజిటివ్ ఎర్త్ ఉంటుంది. అది తెలియకుండా నేటి ఎలక్ట్రానిక్ మీటరు పెడితే వెంటనే కాలిపోతుంది. తీగలు ఊడదీసే ముందు ఫోనులో ఫొటో తీసి, ఒక్కోదానికి టేపు అంటించి పేరు రాసుకుంటే తర్వాత గంటల శ్రమ మిగులుతుంది. మీటర్ల సరఫరా తీగకు రెండు మూడు ఆంపియర్ల ఫ్యూజు వేయాలి. ఎర్త్ కోసం డ్యాష్‌బోర్డు రేకును నమ్మకుండా నల్ల తీగను ఛాసిస్ దాకా విడిగా లాగాలి.

సెండరు మరలు మరో ఉచ్చు. బ్రిటిష్ పైపు మర అంగుళానికి 28 చుట్లు, అమెరికా పైపు మర 27 చుట్లు ఉంటాయి. ఎనిమిదో వంతు అంగుళం కొలతలో రెండూ కంటికి ఒకేలా కనబడి, మొదటి రెండు చుట్లు సాఫీగా ఎక్కి, ఆపై బిగుసుకుంటాయి. బలవంతం చేస్తే ఇంజను బ్లాకు మరే పోతుంది. ఒకే కొన ఉన్న సెండరుకు మర గుండానే ఎర్త్ అందుతుంది. దానికి టెఫ్లాన్ టేపు మందంగా చుడితే నీరు కారదు కానీ మీటరు సరైన కొలత చూపదు.

చిన్న మీటర్ల ముఖం సాధారణంగా 52 మిల్లీమీటర్లు. వాటి కోసం కంపెనీ డ్యాష్‌బోర్డుకు రంధ్రాలు కోయకుండా కింద ఒక రేకు బిగించుకోవడం మంచిది. కోసిన డ్యాష్‌బోర్డు మళ్లీ అతకదు, రేకును ఎప్పుడైనా తీసేయొచ్చు.

సరిచూడటం

కొత్త మీటరును బిగించగానే నమ్మకూడదు. హీట్ సెండరును థర్మామీటరుతో పాటు నీళ్లలో మరగబెట్టి, ముల్లు చూపే అంకెను దానితో పోల్చాలి. ఖాళీ ట్యాంకులో ఐదేసి లీటర్లు పోస్తూ ముల్లు ఎక్కడ ఆగుతుందో రాసుకోవాలి. పాత ట్యాంకుల ఆకారం సమంగా ఉండదు కాబట్టి సగం చూపే ముల్లు సగం డీజిల్ ఉందని చెప్పదు. వేగానికి జాతీయ రహదారి కిలోమీటరు రాళ్లు చాలు. ముల్లును 60 మీద నిలిపి నడిపితే ఒక రాయి నుంచి మరో రాయికి సరిగ్గా 60 సెకన్లు పట్టాలి. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధన 39 ప్రకారం స్పీడోమీటరు అసలు వేగం కన్నా తక్కువ ఎప్పుడూ చూపకూడదు. ఎక్కువ చూపడానికి మాత్రం అసలు వేగంలో పదో వంతు, ఆపై 4 కి.మీ. వరకు వీలుంది.

ముల్లు ఎక్కడుంటే ఏం చేయాలో డ్రైవరుకు ముందే తెలిసి ఉండాలి. బూర్గంపాడు జనానికి ఈ అలవాటు కొత్త కాదు. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది, ఏ అంకెకు ఏం సర్దుకోవాలో ఇంటింటా తెలుసు. హీట్ మీటరు అద్దం మీద, ఆయిల్ మీటరు మీద అలాంటి గీతలు రంగుతో గీసుకుంటే బండి ఎవరి చేతికి వెళ్లినా ఆ జ్ఞానం బండితోనే ఉంటుంది.

వరదలో మునిగిన బండి

1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75 అడుగులు దాటింది. 2022 జులైలో 71 అడుగులు దాటి బూర్గంపాడు, సారపాక ప్రాంతాలను ముంచింది. డ్యాష్‌బోర్డు దాకా మునిగిన బండిలో స్విచ్ వేయడం మొదటి తప్పు. బ్యాటరీ తీసేశాకే ఏ పనైనా మొదలుపెట్టాలి. బురద ఎండితే స్పీడోమీటరులోని వెంట్రుకంత సన్నని స్ప్రింగు తుప్పు పట్టి ముల్లు పట్టేస్తుంది, కేబులు తొడుగులో నిలిచిన నీరు నెలల తర్వాత దాన్ని తెంపుతుంది. ట్యాంకు సెండరు మీద సన్నని తీగ పచ్చబారి విరుగుతుంది. కాబట్టి మునిగిన బండికి మీటరు ముఖం ఒక్కటే కాకుండా కేబులు, సెండర్లు, కనెక్టర్లు కలిపి చూడాలి. విప్పదగిన పాత మీటరును మంచినీటితో కడిగి, నీడన ఆరబెట్టి, ఆరాకే పరీక్షించాలి. మూసేసిన ఎలక్ట్రానిక్ మీటరు లోపల తేమ కనబడితే మార్చడమే దారి.

చట్టం

కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లోని 117వ నిబంధన ప్రకారం గంటకు 30 కి.మీ. మించి నడిచేలా రూపొందిన బండికి డ్రైవరుకు కనబడే స్పీడోమీటరు ఉండాలి. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సెక్షనుకు గట్టి అర్థమే చెప్పింది. వేడి, ఆయిలు మీటర్లు అదనంగా చేర్చుకోవడం ఆ వివరాల జోలికి పోదు. స్పీడోమీటరు మాత్రం తీసేసి ఊరుకోకూడదు. సొంత బండి రిజిస్ట్రేషను 15 ఏళ్లకు ముగిసి, ఆపై ఐదేళ్లకోసారి తనిఖీతో కొనసాగుతుంది. ఆ తనిఖీలో మీటరు పనిచేస్తూ ఉండాలి. స్పీడోమీటరు మార్చిన రోజున పాత మీటరులోని కిలోమీటర్లు, తేదీ, కొత్త మీటరులోని అంకె రాసి, బిల్లుతో పాటు బండి కాగితాల్లో ఉంచాలి. రేపు కొనేవాడికి ఆ అంకె చెప్పడం అమ్మేవాడి ధర్మం.

పాత మీటర్ల భద్రత

తీసిన కంపెనీ మీటరును పారేయకూడదు. ముఖం, గేర్లు, గాజు మరో బండికి ప్రాణం పోయగలవు. అసలు రూపంలో ఉన్న పాత జీపుకు, అంబాసిడరుకు విలువ ఏటేటా పెరుగుతోంది. ఒక హెచ్చరిక ఉంది. రెండో ప్రపంచ యుద్ధకాలపు సైనిక పరికరాల్లో కొన్నింటి అంకెలకు నిజమైన రేడియం రంగు పూసేవారు. వెలుగు ఎప్పుడో ఆరిపోయినా రేడియం 1600 ఏళ్లకు సగమే తగ్గుతుంది. అలాంటి ముఖాన్ని గీకడం, దాని పొడి పీల్చడం హానికరం.

ఎంపిక

అన్నీ ఒకేసారి మార్చాల్సిన పని లేదు. జనాన్ని, సరుకును మోసే డీజిల్ జీపుకు మొదట హీట్ మీటరు, తర్వాత ఆయిల్ మీటరు, ఆపై వోల్టుమీటరు అవసరం. ఈ మూడూ ఇంజనును, అందులో కూర్చున్నవారిని కాపాడతాయి. స్పీడోమీటరు చట్టానికీ ప్రాణానికీ అవసరం కాబట్టి కంపెనీ కేబులు మార్చి అయినా దాన్ని నిలబెట్టాలి. ఆర్‌పీఎం మీటరు సొగసుగానే ఉంటుంది, కానీ ఈ దారుల్లో దాని వంతు చివరే. మెరిసే రంగు లైట్ల సెట్టు కన్నా సెండరుతో కలిపి దొరికే సాదా మీటరు మేలు. కొన్న ప్రతి మీటరుకూ సెండరు అంకెలు, మర కొలత, బిగించిన తేదీ ఒక కాగితం మీద రాసి బండిలో ఉంచితే, చింతూరులోనో కుంటలోనో బండి ఆగినప్పుడు దాన్ని మొదటిసారి చూసే మెకానిక్కు కూడా తడుముకోకుండా పని అందుకోగలడు.